కొత్త ఆఫీసుకి ఒక అరుగు పెట్టండి

వైస్ ఛాన్సలర్ గారికి, ప్రిన్సిపాల్ గారికి, బిల్డింగ్ కమిటీ సభ్యులందరికీ నమస్కారం.

మన కాలేజీ పాత ఆఫీసు పడగొట్టి అదే చోట కొత్త అడ్మిన్ బ్లాక్ కడుతున్నారని, ప్లాన్ ఇంకా ఖరారు కాలేదని జూనియర్లు చెప్పారు. ఖరారు కాలేదన్న ఆ ఒక్క మాట విని ఈ ఉత్తరం రాస్తున్నాను. స్లాబ్ పడ్డాక ఎవరెన్ని చెప్పినా లాభం లేదు, ఏదైనా ఇప్పుడే మాట్లాడుకోవాలి. నేను మీ దగ్గరే సివిల్ చదివాను, నాలుగేళ్లు హాస్టల్‌లోనే ఉన్నాను, ఇప్పుడు అనంతపురంలో ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో పని చేస్తున్నాను. పాత ఆఫీసు కిటికీ ముందు నిలబడిన మనిషిగా కొంత, రోజూ గోడలూ గుమ్మాలూ గీసే మనిషిగా కొంత, రెండూ కలిపి చెబుతున్నాను.

ముందు నాయన సంగతి చెప్పాలి.

నేను సెకండ్ ఇయర్‌లో ఉండగా నా స్కాలర్‌షిప్ ఆగిపోయింది. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా పడింది. జ్ఞానభూమి పోర్టల్‌లో ఎప్పుడు చూసినా పెండింగ్ అనే ఉండేది. తండ్రి వచ్చి ఒక కాగితం మీద సంతకం పెట్టాలన్నారు. కదిరి దగ్గర మా ఊరి నుంచి నాయన తెల్లవారుజామున బయల్దేరి, రెండు బస్సులు మారి, పది కాకముందే వచ్చేశాడు. చేతిలో గుడ్డ సంచి. అందులో నాకోసం అమ్మ ఇచ్చిన చెనిక్కాయల పొడి డబ్బా, ఇంకో పక్కన పాలిథిన్ కవర్లో రేషన్ కార్డు, పట్టాదారు పాస్‌బుక్కు, ఎందుకైనా మంచిదని కరెంటు బిల్లు కూడా. ఆఫీసు మెట్ల దగ్గర ఆగి చెప్పులు విప్పాడు. విప్పమని ఎవరూ అనలేదు, అక్కడ ఏ బోర్డూ లేదు, అందరూ చెప్పులతోనే లోపలికి పోతున్నారు. నేను "వద్దు నాయనా, వేసుకో" అన్నా వినలేదు. మే నెల ఎండకి వరండా బండలు కాలిపోతున్నాయి, ఆయన ఒక కాలు మార్చి ఇంకో కాలు మీద నిలబడుతూ నాతో మాట్లాడాడు.

ఆ కిటికీ మీ అందరికీ తెలుసు, కానీ మీరెవరూ బయటి వైపు నుంచి చూసి ఉండకపోవచ్చు. ఇనప కడ్డీలు, కింద చెయ్యి పట్టేంత సందు. ఆ సందు నా ఛాతీ కంటే కిందకి ఉంటుంది, నాయన పొడుగు మనిషి, ఆయనకి దాదాపు నడుము దగ్గర. మాట్లాడాలంటే వంగాలి, వంగి తల పక్కకి తిప్పాలి. లోపల కూర్చున్న సార్‌కి నాయన మొహం కనపడదు, గడ్డమూ నోరూ మాత్రం కనపడతాయి. నాయనకి సార్ మొహం కనపడదు, చేతులూ ఫైలూ కనపడతాయి. "ఏ సెక్షన్ కావాలి?" అని లోపలి నుంచి ఒక మాట. ఏ సెక్షనో నాయనకెట్లా తెలుస్తుంది. "పెద్దాయనా, పక్కకి జరగండి, వెనక జనం ఉన్నారు" అని ఇంకో మాట. పదిన్నర నుంచి ఒంటిగంట దాకా నిలబడ్డాడు, తర్వాత లంచ్ అన్నారు, రెండున్నరకి మళ్లీ నిలబడ్డాడు. సంతకం పెట్టడానికి పట్టింది అర నిమిషం.

సాయంత్రం బస్సెక్కించడానికి వెళ్లినప్పుడు నాకు ఏడుపొచ్చింది. నాయన ఏమన్నాడో తెలుసా, "ఆ సారు మంచోడేమ్మా, పాపం ఒక్కడే ఉన్నాడు, ఎంతమందికని చెప్తాడు" అన్నాడు. అది నిజమే. తర్వాత వారం నా కాగితం కదిలించి, పోర్టల్‌లో సరిచేయించి, హాస్టల్‌కి కబురు పంపింది ఆయనే. రెండు పక్కలా మంచి మనుషులే ఉన్నారు, మధ్యలో ఉన్న ఆ కిటికీ ఇద్దరినీ అట్లా మాట్లాడించింది. నేను ప్లాన్లు గీసే పనిలోకి వచ్చాక ఈ విషయం ఇంకా బాగా అర్థమైంది. నడుము ఎత్తులో సందు పెడితే మనిషి వంగుతాడు, వంగిన మనిషితో ఎదుటివాడు మాట్లాడే తీరు మారిపోతుంది. ఎవరూ కావాలని చేసేది కాదు. అందుకే సిబ్బంది మీద ఫిర్యాదుగా కాకుండా ప్లాన్ మీద విన్నపంగా ఇది రాస్తున్నాను.

అసలు ఆ కడ్డీలు ఎందుకొచ్చాయో ఆలోచించండి. ఫీజులు నోట్ల రూపంలో కిటికీ దగ్గర కట్టించుకున్న రోజుల్లో, లోపల డబ్బు పెట్టె ఉన్న రోజుల్లో, అవి అవసరం. తర్వాత బ్యాంకు చలాన్లు వచ్చాయి, ఇప్పుడు ఫీజు మొత్తం ఆన్‌లైన్, మెస్ బిల్లు కూడా ఫోన్లోనే కడుతున్నారు. డబ్బు ఆ గది వదిలి వెళ్లిపోయింది, కడ్డీలు మాత్రం ఉండిపోయాయి. కొత్త ప్లాన్‌లో కూడా పాత అలవాటు కొద్దీ "కౌంటర్ 1, కౌంటర్ 2" అని గోడకి కన్నాలు గీసి ఉంటారని నా భయం. బ్యాంకుల్లో ఇప్పుడు చాలా చోట్ల మేనేజర్ టేబుల్ ముందు కూర్చుని మాట్లాడి వస్తున్నాం కదా, లక్షల్లో డబ్బు తిరిగే చోటే కుర్చీ వేస్తున్నారు, బోనఫైడ్ సర్టిఫికెట్ ఇచ్చే చోట కడ్డీలు దేనికి?

మన కాలేజీ అందరూ ఉండి చదువుకునే కాలేజీ. ఇది చాలా పెద్ద తేడా. పొద్దున వచ్చి సాయంత్రం ఇంటికి పోయే పిల్లలకి ఆఫీసంటే ఏడాదికి రెండు మూడు సార్లు పోయే చోటు. మనకి అట్లా కాదు. రూమ్ మార్పు, మెస్ రిబేటు, ఔట్‌పాస్, గ్యాస్ ట్రబుల్ వచ్చి రాత్రి ఆసుపత్రికి తీసుకెళ్తే ఆ బిల్లు, ఇంటికి పోవడానికి బస్ పాస్ కాగితం, అన్నీ ఆ గుమ్మం దగ్గరికే వస్తాయి. పదిహేడేళ్ల పిల్ల ఇల్లు వదిలి వచ్చి ఉంటున్న ఊరికి ఇది ముందు గది. ఇంటి ముందు గది జైలు ములాఖత్ గదిలా ఉంటే లోపలి ఇల్లు ఎట్లా ఉంటుందో అన్న బెంగ ఆ పిల్లని కని పెంచిన వాళ్లకి మొదటి రోజే పట్టుకుంటుంది.

అందుకే నేను అడిగే మొదటిది అరుగు.

మా ఊళ్లో పాత ఇళ్లకి ఇంకా అరుగులున్నాయి. అరుగు మీద కూర్చునే మనిషిని ఎవరు నువ్వని అడగరు. దారినపోయేవాడు ఎండకి ఆగి కూర్చుంటాడు, ఇంటావిడ ముందు చెంబుతో నీళ్లు తెచ్చిస్తుంది, ఆ తర్వాతే ఏ ఊరు, ఏం పని అని అడుగుతుంది. ఇంట్లోకి రానిచ్చినట్టూ కాదు, బయట నిలబెట్టినట్టూ కాదు. కొత్త వాళ్లు కాస్త ఊపిరి పీల్చుకుని, తుండుతో మొహం తుడుచుకుని, అడగాల్సింది మనసులో సర్దుకునే చోటు అది. ఆఫీసుకి ఇంతకంటే మంచి ముందుభాగం ఏ పుస్తకంలోనూ దొరకదు. రిసెప్షన్ అని ఒక సోఫా, గాజు టేబుల్, ప్లాస్టిక్ పూలు పెడితే నాయన లాంటి వాళ్లు ఆ సోఫా మీద కూర్చోరు. మాసిపోతుందేమో అని నిలబడే ఉంటారు. అరుగైతే అడక్కుండా కూర్చుంటారు.

ఖర్చు గురించి భయపడకండి. కడప బండ మన పక్క జిల్లాదే, బేతంచర్ల బండ కర్నూలు వైపు నుంచి వస్తుంది. అడుగున్నర ఎత్తు, రెండడుగుల వెడల్పు, ఆఫీసు ఉత్తరం వైపు గోడ పొడుగునా కట్టించండి, వెనక్కి ఆనుకోవడానికి గోడ ఉంటుంది. నల్ల బండ ఎండ తగిలితే సెగలు కక్కుతుంది, కాబట్టి పైన సజ్జా బాగా ముందుకి రావాలి, పడమటి ఎండ అసలు పడకూడదు. కింద నేలకి బేతంచర్ల వేస్తే నున్నగా పాలిష్ పట్టించకండి, చినుకు పడితే ముసలివాళ్లు జారిపడతారు. అరుగుకి ఒక చివర చేతులతో ఆనుకుని లేవడానికి కడ్డీ పెట్టించండి, మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మలు కూడా అడ్మిషన్‌కి వస్తారు. మంచినీళ్లు అక్కడే, కుండ అయినా సరే, కూలర్ అయినా సరే, గ్లాసు గొలుసుతో కట్టకుండా. ఆడవాళ్ల బాత్రూమ్ కూడా అక్కడికి దగ్గర్లోనే, తాళం లేకుండా. పాత ఆఫీసు బాత్రూమ్ తాళంచెవి అటెండర్ దగ్గర ఉండేది, ఆయన్ని వెళ్లి అడగలేక మా అమ్మ ఒకసారి సాయంత్రం బస్టాండ్ దాకా ఆపుకుంది. ఇది రాయడానికి నాకు సిగ్గు లేదు, ప్లాన్ గీసేవాళ్లకి తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

ఆఫీసు దగ్గరున్న ఆ వేపచెట్టు కొట్టకండి. బ్లాక్‌ని ఆరడుగులు అటు జరపండి, చెట్టు అరుగు ముందుకి వస్తుంది. ఆర్కిటెక్ట్ లారీ బేకర్ గారు తిరువనంతపురంలో సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ కట్టినప్పుడు చెట్లని వదిలేసి వాటి పక్కనుంచి గోడలు తిప్పుకుంటూ పోయారు. కిటికీ చువ్వలూ అద్దాలూ బదులు ఇటుకల మధ్య సందులు వదిలి జాలీ గోడలు కట్టారు, గాలీ వెలుతురూ వస్తాయి, ఎండ సెగ రాదు, ఖర్చూ తగ్గుతుంది. అక్కడ వానలెక్కువ, మనకి ఏడాది మొత్తం మీద 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది, కాబట్టి జాలీ మనకి ఇంకా బాగా కుదురుతుంది. ముందువైపంతా నీలం అద్దాలు బిగించే ఆలోచన ఉంటే దయచేసి మానుకోండి. మన ఎండకి అద్దాల గది అంటే ఏసీ లేకుండా ఒక్క గంట కూర్చోలేని గది, కరెంటు పోయిన రోజు సిబ్బంది పరిస్థితి ఏంటో ఆలోచించండి.

ఇక లోపల. కౌంటర్ అనేది గోడకి కన్నంగా కాకుండా టేబుల్‌గా ఉండాలి. ఎత్తు రెండున్నర అడుగులు, మోకాళ్లు పట్టేలా కింద ఖాళీ, ఇటు ఒక కుర్చీ, అటు ఒక కుర్చీ, కంప్యూటర్ స్క్రీన్ కొంచెం పక్కకి తిప్పితే ఇద్దరికీ కనపడేలా. ఈ చివరిది చిన్న సంగతిలా అనిపిస్తుంది కానీ నా ఇంటిపేరు తప్పు పడిందని నేను నోటితో మూడు నెలలు చెప్పాను, స్క్రీన్ ఒక్కసారి నాకు చూపించి ఉంటే ఏ అక్షరం తప్పో అప్పుడే చెప్పేదాన్ని.

ఎదురు కూర్చునే మనిషికి కొన్ని పనులు అక్కడికక్కడే ముగించే అధికారం ఉండాలి. బోనఫైడ్, స్టడీ సర్టిఫికెట్, బస్ పాస్ ఫారం, వీటికి లోపలికి వెళ్లి మూడు టేబుళ్లు తిరగాల్సిన పని లేదు. పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి వెళ్లినవాళ్లకి తెలుసు, టోకెన్ ఇస్తారు, స్క్రీన్ మీద నంబర్ వస్తుంది, ఎ, బి, సి అని మూడు చోట్ల పని అయిపోయి బయటికొస్తాం. పాస్‌పోర్ట్ అంతటి దానికే అది సాధ్యమైంది. తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్స్ సంగతి చూడండి, గంటల తరబడి ఆగాల్సిందే, కానీ కంపార్ట్‌మెంట్లో కూర్చోబెడతారు, పాలో అన్నప్రసాదమో పెడతారు, బాత్రూములు అక్కడే ఉంటాయి. జనం ఎదురుచూడటం అనేది తప్పదని తెలిసినప్పుడు ఆ ఎదురుచూపుకి కూడా ఒక చోటు కట్టాలని వాళ్లు అనుకున్నారు. మన దగ్గర ఎదురుచూపు అనేది ప్లాన్‌లోనే లేదు, అందుకే అది మెట్ల మీదా సైకిల్ స్టాండ్‌లోనూ జరుగుతోంది.

అడ్మిషన్ రోజు ఒక్కసారి గుర్తు చేసుకోండి. ట్రంకు పెట్టె, చుట్టిన పరుపు, బకెట్, బకెట్లో మగ్గు, ప్లేటు, గ్లాసు, సబ్బు పెట్టె, హ్యాంగర్లు. ఒక్కొక్క పిల్లతో అమ్మ, నాన్న, మేనమామ, చంకలో తమ్ముడు. ఈ సామానంతా ఎక్కడ పెట్టాలి? మా అడ్మిషన్ రోజు ఒక గంట వాన పడింది, పరుపులు తడిసిపోయాయి, నేను మొదటి రాత్రి చాప మీద పడుకున్నాను. సామాను పెట్టుకోవడానికి కప్పు ఉన్న ఖాళీ చోటు, చక్రాల బండి రెండు, ఫారాలు నింపుకోవడానికి నిలబడి రాసే పొడుగు టేబుల్, దాని మీద నింపిన నమూనా ఫారాలు అద్దం కింద, పెన్ను, గమ్ సీసా. జిరాక్స్ మిషన్ ఒకటి ఆఫీసులోనే పెట్టి రెండు రూపాయలు తీసుకోండి. గేటు దాటి రోడ్డు మీద సెంటర్ దాకా పోయి వచ్చేసరికి నంబర్ పోతుంది, మళ్లీ మొదటికొస్తుంది. ఇవన్నీ కలిపినా పెద్ద ఖర్చేమీ కాదు.

బోర్డులు తెలుగులో, పెద్ద అక్షరాలతో. "ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్" అని ఉంటే అది ఎవరి పనికో ఫస్ట్ ఇయర్ పిల్లకే తెలియదు, ఇంక వాళ్ల అమ్మకేం తెలుస్తుంది. "స్కాలర్‌షిప్ పనులు ఇక్కడ", "హాస్టల్, మెస్ పనులు ఇక్కడ", "పరీక్ష మార్కులు, మెమోలు ఇక్కడ" అని రాయండి. ఏ కాగితానికి ఏం జత చేయాలి, ఫీజు ఎంత, ఎన్ని రోజులు పడుతుంది, ఎవరి సంతకం, ఇవి గోడ మీద ఉండాలి. సమాచార హక్కు చట్టం 2005లో నాలుగో సెక్షన్ ఇదే చెబుతుంది, ఎవరూ అడక్కముందే ఇట్లాంటివి ప్రకటించాలని. టీసీ, ఒరిజినల్ మెమోల విషయం కూడా అదే గోడ మీద రాయించండి, విద్యార్థుల ఒరిజినల్స్ కాలేజీలు అట్టిపెట్టుకోకూడదని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది, అది తెలియక బ్యాంక్ లోన్ దగ్గర, వేరే సీటు దగ్గర ఇబ్బంది పడ్డ పిల్లలు చాలామంది ఉన్నారు.

ఇప్పుడు రాసేది కొంచెం బరువైన విషయం. మా బ్లాక్‌లో ఒక అమ్మాయికి ఇంటి నుంచి కబురొచ్చింది, వాళ్ల నాన్న పోయారని. ఫోన్ ఆఫీసుకి వచ్చింది, అప్పట్లో క్లాసుకి ఫోన్లు తీసుకెళ్లనిచ్చేవాళ్లు కాదు. అటెండర్ వచ్చి పిలిచాడు, ఆమె ఫీజు గురించేమో అనుకుని నవ్వుతూ వెళ్లింది. కిటికీ ముందు లైన్లో ఇరవై మంది ఉన్నారు. లోపలి నుంచి సార్ ఎంత మెల్లిగా చెప్పాలని చూసినా ఆ సందులోంచి మెల్లిగా చెప్తే వినపడదు, "ఏంటి సార్?" అని ఆమె మళ్లీ అడిగింది, ఆయన కొంచెం గట్టిగా చెప్పాల్సి వచ్చింది. అక్కడే మెట్ల మీద కూలబడింది. కూర్చోబెట్టడానికి ఒక గది లేదు, పడుకోబెట్టడానికి బల్ల లేదు, నీళ్లు పక్క డిపార్ట్‌మెంట్ నుంచి తెచ్చాం. ఆ సార్ కూడా బయటికొచ్చి ఏం చేయాలో తెలియక నిలబడిపోయారు, ఆయన కళ్లు కూడా తడిగా ఉన్నాయి.

ఒక చిన్న గది కావాలి సార్. పది అడుగులకి పది అడుగులు చాలు. మాట బయటికి వినపడకూడదు, తలుపుకి మాత్రం కొంచెం అద్దం ఉండాలి, లోపల ఎవరున్నారో కనపడాలి, అది అమ్మాయికీ మంచిది, మాట్లాడే సిబ్బందికీ మంచిది. రెండు కుర్చీలు, ఒక బల్ల, నీళ్లు, ఫోను. దాని గుమ్మం లైన్ ఉన్న వైపు కాకుండా పక్క నుంచి ఉండాలి. ర్యాగింగ్ గురించి చెప్పడానికి వచ్చే పిల్ల, హాస్టల్‌లో తనతో ఎవరో తప్పుగా ప్రవర్తించారని చెప్పడానికి వచ్చే పిల్ల, ఫీజు కట్టలేక చదువు మానేద్దామని వచ్చే పిల్ల, వీళ్లెవరూ ఇరవై మంది ముందు కిటికీలో నోరు పెట్టి చెప్పలేరు. 2009 యూజీసీ నిబంధనల ప్రకారం యాంటీ ర్యాగింగ్ కమిటీ మనకీ ఉంది, లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే ఇంటర్నల్ కమిటీ కూడా ఉంది, కానీ వాటికి కాగితం మీద తప్ప ఒక గది లేదు. ఆ గది గోడకి యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522 నంబర్ రాయించండి.

నా క్లాస్‌మేట్ ఒకామెకి చిన్నప్పుడే పోలియో. మూడు చక్రాల సైకిల్ మీద తిరిగేది. ఆఫీసుకి ఆరు మెట్లు, ర్యాంప్ లేదు. ఆమె వేపచెట్టు కింద సైకిల్ మీద కూర్చునేది, మేం కాగితాలు లోపలికీ బయటికీ మోసేవాళ్లం. ఒకసారి "అభ్యర్థి స్వయంగా మా ఎదుట సంతకం చేయాలి" అన్నారు, అప్పుడు నలుగురం కలిసి ఆమెని ఎత్తుకుని మెట్లెక్కించాం. ఆమె నవ్వుతూనే ఉంది, కింద దింపాక ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, అందులో 44వ సెక్షన్ ప్రకారం వాళ్లు వెళ్లగలిగేలా లేని కొత్త కట్టడానికి ప్లాన్ అనుమతే ఇవ్వకూడదు. కాబట్టి ర్యాంప్ ఎట్లాగూ గీస్తారు, నా భయం వేరే. ఆఖర్న గుర్తొచ్చి వెనకవైపు, జనరేటర్ పక్కన, నిలువుగా ఒక సిమెంట్ వాలు పోస్తారేమో అని. ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడుగు ఉండాలి ర్యాంప్. మూడడుగుల బేస్‌మెంట్ లేపితే ముప్పై ఆరు అడుగులు, మధ్యలో ఆగే సమతలం అదనం. బేస్‌మెంట్ అడుగున్నరకి తగ్గించండి, పద్దెనిమిది అడుగులతో సరిపోతుంది, అందరూ అదే దారిన, అరుగు పక్కనుంచి, ముందు గుమ్మంలోంచే లోపలికి వస్తారు. సామాను బండీ అదే దారి, నాయన లాంటి పెద్దవాళ్లూ అదే దారి. మెట్లు ఉంటే ఉండనీయండి.

సిబ్బంది గురించి రాయకపోతే ఈ ఉత్తరం అన్యాయంగా ఉంటుంది. పాత ఆఫీసులో వాళ్లు కూర్చునే చోటు కూడా చూశాను, ప్రాజెక్ట్ కోసం కొలతలు తీసుకోవడానికి లోపలికి పంపారు. వీపు వెనక బీరువా, ముందు ఫైళ్ల గుట్ట, పైన ట్యూబ్‌లైటు, పక్కన ఎవరో ఒకరు ఎప్పుడూ "సార్, ఒక్క నిమిషం" అంటూ. ఒక మేడమ్ మూడు సెక్షన్ల పని చూసేది, పోస్టులు ఖాళీగా ఉన్నాయి కాబట్టి. కాగితం లెక్క చూస్తున్న మనిషిని నిమిషానికోసారి పిలిస్తే ఆమెకి విసుగు రాక ఏం చేస్తుంది. అందుకని ముందు గది వేరు, వెనక గది వేరు ఉండాలి. ముందు కూర్చునేవాళ్లు జనంతో మాట్లాడతారు, అక్కడ ఉన్నంతసేపు ఫైళ్లు ముట్టుకోరు, వెనకవాళ్లు తలుపేసుకుని నెమ్మదిగా పని చేసుకుంటారు, వారానికోసారి మారతారు. వెనక గదికి మంచి కిటికీ, ఉత్తరపు వెలుతురు, ఫైళ్లకి గోడ పొడుగునా ర్యాకులు, అన్నం తినడానికి వేరే టేబుల్. ఫైళ్ల మధ్య డబ్బా విప్పుకుని తినే మనిషి దగ్గరికి వచ్చి పని అడగాలంటే మాకే మనసొప్పేది కాదు.

టైమింగ్స్ ప్లాన్‌లో గీసేవి కావు, అయినా అడుగుతున్నాను. క్లాసులు తొమ్మిది నుంచి నాలుగున్నర, ఆఫీసు పది నుంచి ఐదు, మధ్యలో లంచ్. అంటే ఆఫీసు పని ఉంటే క్లాసు ఎగ్గొట్టాలి, ఎగ్గొడితే అటెండెన్స్ తగ్గుతుంది, తగ్గితే ఆ తగ్గుదలని మాఫీ చేయించుకునే కండోనేషన్ ఫీజు కట్టడానికి మళ్లీ ఆఫీసుకే రావాలి. వారానికి రెండు రోజులు ముందు గదిలో ఒక్కరైనా ఐదు నుంచి ఆరున్నర దాకా ఉంటే, వాళ్లకి బదులు పొద్దున ఆలస్యంగా రానిస్తే చాలు. ఇంకొకటి, అమ్మానాన్నలు చూడటానికి వచ్చేది ఆదివారం, ఆఫీసు మూసేది ఆదివారం. కూలి పని మానుకుని మళ్లీ సోమవారం రమ్మంటే ఒక రోజు కూలి పోయినట్టే. నెలకి ఒక ఆదివారం, పొద్దున రెండు గంటలు తెరవండి, రెండో ఆదివారమైతే మరీ మంచిది, ఆ రోజే ఎక్కువమంది వస్తారు.

ముందు పోర్టికో రెండంతస్తుల ఎత్తు లేపి, స్తంభాలు పెట్టి, స్టీలు అక్షరాలతో పేరు రాయించాలని కొందరు పెద్దలకి ఉందని విన్నాను. ఉస్మానియాలో 1939లో తెరిచిన ఆర్ట్స్ కాలేజీ మెట్ల ముందు నిలబడితే నాకూ ఒళ్లు పులకరిస్తుంది, అంత అందమైన కట్టడం మన తెలుగు నేల మీద ఉన్నందుకు గర్వమే. చదువు చెప్పే చోటు తల ఎత్తి చూసేలా కట్టుకుందాం. టీసీ కోసం, మెస్ బిల్లు కోసం వచ్చే చోటికి ఆ ఎత్తు వద్దు, ఆ డబ్బుతో అరుగూ గదీ ర్యాంపూ బాత్రూమూ అన్నీ వచ్చేస్తాయి.

ఒక్క విన్నపం ఉంది. ప్లాన్ ఖరారు చేసేముందు, పాత బ్లాక్ తీసేశాక, ఆ నేల మీద ముగ్గు పోయిస్తారు కదా, తవ్వకం మొదలుపెట్టడానికి ఒక వారం ముందే పోయించండి. గుమ్మాలు, టేబుళ్లు, అరుగు, అన్నీ సున్నంతో గీయించండి. ఆ రోజు మెస్‌లో వంట చేసే ఒకామెనీ, అటెండర్‌నీ, సీనియర్ అసిస్టెంట్‌నీ, ఫస్ట్ ఇయర్ పిల్లలు ఇద్దరినీ, చక్రాల కుర్చీ వాడే ఒక విద్యార్థినీ, ఎవరో ఒకరి అమ్మానాన్ననీ పిలిచి ఆ గీతల మధ్య నడిపించండి. ఎక్కడ ఆగుతున్నారో, ఎక్కడ దారి తెలియక వెనక్కి చూస్తున్నారో గమనించి సున్నం చెరిపి మళ్లీ గీయండి, దానికయ్యే ఖర్చు ఒక బస్తా సున్నం. కొలతలు పట్టడానికి, గీతలు వేయడానికి నేను వస్తాను, ఒక్క రూపాయి వద్దు. రోజు ఖాయం చేసి చెప్పండి, నాయన్ని కూడా తీసుకొస్తాను.

ఇట్లు,
మీ దగ్గర సివిల్ చదువుకున్న ఒక పాత విద్యార్థిని